కయాక్ మీద చిన్న చేపల వేట: పాలమూరు, నల్లగొండ చెరువుల్లో మొదలుపెట్టేవారికి

కయాక్, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, కొన్న మరునాడే నాగార్జునసాగర్ నీళ్లలో దిగి పది కిలోల బొచ్చెను పట్టాలనుకునేవారు ఉన్నారు. ఆ కోరికను కనీసం ఒక ఏడాది వాయిదా వేసుకోవడం మంచిది. ఒడ్డున కూర్చొని గాలం వేయడం చిన్నప్పటి నుంచి వచ్చినవారికి కూడా, అడుగు కదిపితే ఊగే పడవలో కూర్చొని, తెడ్డును ఒళ్లో పెట్టుకొని, గాలికి పక్కకు జరిగిపోతూ అదే పని చేయడం కొత్త విద్యే. మొదట నేర్చుకోవలసింది పడవను. చేప ఆ తరువాతి సంగతి. అందుకు చిన్న చెరువు, చిన్న చేప సరిపోతాయి. అమెరికాలో కూడా కొత్తవారు బ్లూగిల్, క్రాపీ వంటి అరచేయంత చేపలతోనే ఈ వేట మొదలుపెడుతుంటారు. ఆ జాతులు మన నీళ్లలో ఉండవు. వాటికి బదులు మనకు జిలేబీలు, పరకలు, జెల్లలు ఉన్నాయి.

వీటిలో కొత్తవారికి అన్నిటికన్నా అనుకూలమైనది జిలేబీ, అంటే తిలాపియా. ఇది 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా చేప. మగ చేప ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీటిలో పళ్లెం లాంటి గుంట తవ్వుతుంది, ఆడ చేప గుడ్లను నోటిలో పెట్టుకొని పొదుగుతుంది. అందువల్ల పిల్లలు ఎక్కువగా బతుకుతాయి, చెరువు నిండిపోతుంది, తిండి చాలక చాలాచోట్ల అరచేతిని మించి ఎదగవు. మత్స్యకారుల సంఘం చెరువులో వదిలిన బొచ్చె, రవ్వ పిల్లలతో మేతకు పోటీపడే ఈ చేపను మీరు నాలుగు పట్టుకెళ్లినా చెరువుకు వచ్చే నష్టం లేదు.

అయితే అడగకుండా పట్టుకెళ్లే హక్కు మాత్రం ఎవరికీ లేదు. మన చెరువుల్లో చేపల హక్కు చాలావరకు ఆ ఊరి మత్స్యకారుల సహకార సంఘానిది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు ఆ చేపల మీదే బతుకుతాయి. కొన్ని చిన్న కుంటలు గ్రామపంచాయతీ చేతిలో ఉంటాయి. ప్రాజెక్టుల్లో నీటిపారుదల శాఖ అనుమతి, మత్స్యశాఖ లైసెన్సు రెండూ చూసుకోవాలి. జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగితే ఏ నీరు ఎవరి కింద ఉందో, వానాకాలంలో గుడ్లు పెట్టే రోజుల నిషేధం ఎప్పుడు అమలులో ఉంటుందో చెబుతారు. ఊరి చెరువు విషయంలో మాత్రం కార్యాలయం కన్నా ముందు సంఘం అధ్యక్షుణ్ణి కలవడం పద్ధతి. ఎన్ని గంటలు ఉంటారో, ఏ చేప పట్టి ఏది వదిలేస్తారో ముందే చెప్పండి. గాలానికి పడిన బొచ్చె, రవ్వ, మృగాల పిల్లలను తిరిగి వదులుతానని చెప్పి, ఆ మాట మీద నిలబడండి. మీరు చూపే మర్యాదను బట్టే, మీ తరువాత కయాక్ వేసుకొని వచ్చేవాడిని ఆ ఊరివారు రానిస్తారు.

సంఘం వారిని అడగవలసిన మరో ముఖ్యమైన మాట ఉంది: "అన్నా, వలలు ఏ దిక్కున కట్టిన్రు?" కట్టువలలు సాయంత్రం కట్టి తెల్లవారుజామున తీస్తారు. నీటి మీద తేలే థర్మోకోల్ ముక్కలు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వాటికి గుర్తు. తెడ్డు చివర వలలో చిక్కుకుంటే పడవ ఒక్కసారిగా పక్కకు వాలుతుంది. కంగారులో వల కోస్తే ఒక కుటుంబానికి ఆనాటి కూలి పోతుంది. థర్మోకోల్ వరుస కనిపించిన చోట దాని చివరి దాకా వెళ్లి చుట్టూ తిరిగి రావాలే తప్ప, మధ్యలోంచి దాటవద్దు.

ఏ నీటిని ఎంచుకోవాలి

తొలి నెలలకు కట్ట ఒక కొస నుంచి మరో కొస వరకు కంటికి ఆనే ఊరి చెరువు చాలు. ఎక్కడ మునిగినా పది నిమిషాల్లో ఒడ్డు చేరగలగాలి, ఒడ్డున ఎవరో ఒకరు కనిపిస్తూ ఉండాలి. తూము, మత్తడి ఎక్కడున్నాయో దిగే ముందే చూసుకోండి. మత్తడి దూకుతున్న రోజు ఆ చెరువులో పడవ వేయవద్దు. తూము తెరిచి ఉంటే దాని దగ్గర నీటి లాగుడు పైకి కనిపించదు కాబట్టి ఆ చుట్టుపక్కలకు పోకపోవడమే మేలు.

నీటి లోతు గురించి ఊహలు పనికిరావు. శిఖంలో, అంటే చెరువు నీరు నిలిచే నేలలో, పాత వ్యవసాయ బావులు మునిగి ఉంటాయి; మిషన్ కాకతీయలో పూడిక తీసినచోట, మొరం కోసం జేసీబీతో తవ్వినచోట మోకాలి లోతు నీరు ఒక్క అడుగులో నిలువెత్తు అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీరు వెనక్కి పోయాక ఒడ్డంతా జిగట రేగడి; దిగితే మోకాళ్ల దాకా కూరుకుపోతారు. బండ రాయి గానీ గట్టి మొరం గానీ ఉన్నచోటు చూసి అక్కడే దిగడం, అక్కడే ఎక్కడం అలవాటు చేసుకోవాలి.

చెరువు చేతికి వచ్చాక దేవరకద్ర దగ్గరి కోయిల్‌సాగర్, గుండ్లపల్లి దగ్గరి డిండి, నల్లగొండ పక్కనే పానగల్లు ఉదయసముద్రం వంటివి ఆలోచించవచ్చు. వీటిలో ఉదయసముద్రం కాలువ నీటితో నిండే జలాశయం, కాబట్టి నిన్నటి ఒడ్డు ఇవాళ ఉండకపోవచ్చు. వనపర్తి జిల్లాలోని సరళాసాగర్ సంగతి వేరు: అక్కడ నీరు నిండు మట్టానికి చేరగానే సైఫన్లు, అంటే అదనపు నీటిని బయటికి పంపే గొట్టాలు, ఎవరూ తెరవకుండా వాటంతట అవే దూకుతాయి. వానలు పడుతున్న రోజుల్లో నిండుగా ఉన్న ఆ జలాశయం వైపు పడవ తీసుకెళ్లకండి.

కృష్ణ మీది నీళ్లు కొత్తవారికి కావు. జూరాల, శ్రీశైలం, సాగర్ గేట్లు ఎత్తే కాలంలో అయితే అనుభవం ఉన్నవారికి కూడా కావు. జూరాల, గద్వాల ప్రాంతపు కృష్ణలో మొసళ్లు ఉన్నాయి. పట్టిన చేపలను తాడుకు గుచ్చి పడవ పక్కన నీటిలో వేలాడదీసే అలవాటు అక్కడ ప్రమాదకరం. నల్లమల వైపు ఒడ్డు చాలాచోట్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వు పరిధిలో ఉంది, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ దిగకూడదు. ఇక మూసీ: హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే ఆ నీటిలో తెడ్డు వేయడం నేర్చుకోవచ్చునేమో గానీ, అక్కడి చేపను నేను ఇంటికి తెచ్చుకోను.

పడవ, తెడ్డు, జాకెట్

కూర్చునే చోటు మూసి ఉండి కాళ్లు లోపలికి పెట్టుకొనే రకం కాకుండా, పైన కూర్చొనే రకం కయాక్ తీసుకోండి. దానిలో పడిన నీరు అడుగున ఉన్న రంధ్రాల గుండా దానంతట అదే కారిపోతుంది, తిరగబడినా నీటితో నిండి మునగదు, మళ్లీ ఎక్కడం తేలిక. వేటకు 9 నుంచి 11 అడుగుల పొడవు, 30 నుంచి 34 అంగుళాల వెడల్పు సరిపోతాయి. పొడవైన సన్నని పడవ వేగంగా పోతుంది గానీ పక్కకు వంగి చేపను అందుకునేటప్పుడు భయపెడుతుంది. పడవ మీద రాసి ఉన్న గరిష్ఠ బరువులో మూడింట రెండు వంతులు దాటకుండా మీ బరువు, సామాను బరువు కలిపి చూసుకోండి.

గాలి నింపే కయాక్ చౌక, బండి డిక్కీలో పడుతుంది; ఫ్లాట్లో ఉండేవారికి ఆశ పుట్టడం సహజం. కానీ మన చెరువుల శిఖంలో ఎటు చూసినా తుమ్మ, సర్కారు తుమ్మ. నీటిలో మునిగిన ఎండుకొమ్మ ముల్లు ఎంత మందపు గుడ్డనైనా దిగబడుతుంది. పైగా పొద్దున చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా గాలి కొట్టి పదకొండు గంటల ఎండలో ఒడ్డున వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి కుట్లు ఊడిపోతాయి. తప్పనిసరి అయితే కొంత గాలి తీసి నీడలో పెట్టాలి. వీలున్నవారు గట్టి ప్లాస్టిక్ కయాక్‌నే కొనడం మంచిది.

కొనే ముందు ఒకసారి వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి జలాశయానికి వెళ్లి రండి. అక్కడ కయాక్‌లు అద్దెకు ఇస్తారు. మీ నడుముకు, మోకాళ్లకు ఈ కూర్చోవడం పడుతుందో లేదో ఒక పూటలో తెలిసిపోతుంది.

వెడల్పు పడవకు 230 నుంచి 240 సెంటీమీటర్ల తెడ్డు కావాలి. పొట్టిది అయితే ప్రతి లాగుకూ మెటికలు పడవ అంచుకు కొట్టుకుంటాయి. తెడ్డును ఒక తాడుతో పడవకు కట్టి ఉంచండి. లైఫ్ జాకెట్ గురించి చర్చ లేదు. ఈత బాగా వచ్చినవారు కూడా, నీరు నడుము లోతే అని తెలిసినా, ఒడ్డున ఎక్కేటప్పుడే తొడుక్కొని ఒడ్డున దిగాకే విప్పాలి. భుజాల దగ్గర పట్టుకొని ఎవరైనా పైకి లాగితే అది చెవుల దాకా జరగకూడదు, అంత బిగుతుగా ఉండాలి. మార్కెట్లో దొరికే పలుచని నురుగు పట్టీల జాకెట్లు చూడటానికి బాగుంటాయి, అంతే. మెడలో ఒక ఈల, నీరు చొరని సంచిలో ఫోను, చేతికందేలా ఒక చిన్న కత్తి ఉండాలి. లంగరు తాడు గానీ దారం గానీ కాలికి చుట్టుకుంటే కోయడానికే ఆ కత్తి.

గాలం పట్టుకోక ముందు

మొదటి రోజు గాలాన్ని ఇంట్లోనే ఉంచి రండి. ఛాతీ లోతు నీటిలో, ఒక మిత్రుణ్ణి పక్కన నిలబెట్టుకొని, కావాలని పడవను తిరగవేయండి. పడిన తరువాత ముందు పడవను పట్టుకోవాలి, అది గాలికి మీకన్నా వేగంగా కొట్టుకుపోతుంది. బోర్లా పడిన పడవ అడుగు మీదుగా చెయ్యి చాచి అవతలి అంచు పట్టుకొని మీ వైపు లాగితే అది సరిగా తిరుగుతుంది. తరువాత పడవ నడుము భాగం దగ్గరకు వచ్చి, రెండు చేతులు పడవ మీద ఆనించి, కాళ్లను నీటి పైకి తేలేలా ఈదుతున్నట్టు గట్టిగా తన్నాలి. శరీరం నీటికి సమాంతరంగా వచ్చిన క్షణంలో పొట్టను పడవ మీదికి జారవేయాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: కాళ్లు కిందికి వేలాడుతుండగా గోడ ఎక్కినట్టు చేతుల బలంతో ఎక్కాలని చూస్తారు, పడవ మళ్లీ మీద పడుతుంది. పొట్ట మీదికి వచ్చాక తొందర వద్దు. వెల్లకిలా తిరిగి, పిరుదులను సీటులోకి జార్చి, చివరగా కాళ్లు లోపలికి తెచ్చుకోవాలి. ఇది ఆయాసం లేకుండా వరుసగా చేయగలిగే దాకా ఒంటరిగా నీటిలోకి వెళ్లకండి.

గాలి సంగతి కూడా అంతే ముఖ్యం. జూన్ నుంచి ఆగస్టు వరకు నైరుతి గాలి పొద్దెక్కేకొద్దీ పెరిగి, విశాలమైన నీటి మీద అలలు లేపుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు కమ్మి ఈదురుగాలి, పిడుగు రావడానికి అరగంట పట్టదు. మూడు దాటాక నీటిలో ఉండవద్దు. అక్టోబరు నుంచి మార్చి వరకు ఉదయాలు మనకు అనువైనవి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి మిమ్మల్ని ఒడ్డుకు తోస్తుంది. ఒడ్డున వ్యవసాయ మోటర్ల కరెంటు తీగలు వేలాడుతున్న చోట గాలపు కర్రను ఎత్తి పట్టుకోవద్దు, కార్బన్ కర్ర గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది.

సామాను, ఎర

చిన్న చేపలకు ఖరీదైన సామాను అవసరం లేదు. ఐదారు అడుగుల సన్నని, తేలికైన కర్ర, దానికి 1000 సైజు చిన్న రీలు (దారం చుట్టుకొనే చక్రం), 0.16 నుంచి 0.20 మిల్లీమీటర్ల నైలాన్ దారం ఉంటే చాలు. నిజం చెప్పాలంటే, మునిగిన తుమ్మ మోడుల మధ్య రీలు లేని మూడు మీటర్ల మడత కర్రే నాకు ఎక్కువ ఇష్టం; దారం కర్ర పొడవే ఉంటుంది కాబట్టి బెండును (చేప తాకిందని చూపే, నీటి మీద తేలే ముక్కను) ఏ రెండు కొమ్మల మధ్య దించాలనుకుంటే అక్కడే దించవచ్చు. పడవలోకి రెండు కర్రలకు మించి తీసుకెళ్లకండి. ప్రతి అదనపు కర్ర ఒక అదనపు చిక్కు.

గాలాలు 8, 10, 12 నంబర్లవి తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. పరకల నోటికి 12, జిలేబీకి 8 లేక 10. గాలం మొనకు లోపలి వైపున్న చిన్న ముల్లును పటకారతో నొక్కి చదును చేస్తే, వదలవలసిన చేప పిల్ల నోరు చిరగదు, మీ వేలికి దిగినా ఆసుపత్రికి పరుగెత్తే పని ఉండదు. చిటికెన వేలంత సన్నని బెండు, దానిని మొన వరకే నీటి పైన నిలిపేటంత సీసపు గుండ్లు కట్టండి. బెండు లావుగా ఉంటే చేప దాని బరువును గుర్తించి ఎరను వదిలేస్తుంది.

ఎరకు వానపాములే మేలు. మొత్తం పామును గుచ్చవద్దు. చిటికెన గోరంత ముక్క, గాలం మొన కొంచెం బయటికి కనిపించేలా. జొన్నపిండిని చపాతీ ముద్ద కన్నా గట్టిగా కలిపి కందిగింజంత ఉండలు పెట్టినా జిలేబీ తింటుంది, అయితే పరకలు ఎక్కువగా ఉన్నచోట ఆ ముద్దను నిమిషంలో ఊడదీస్తాయి.

చేప దగ్గరకు వెళ్లడం

జిలేబీని నడి చెరువులో వెతకనక్కరలేదు. కట్టకు పరిచిన రాళ్ల వెంట, తుంగ అంచున, మునిగిన చెట్ల మొదళ్ల చుట్టూ, మూడు నుంచి ఆరడుగుల నీటిలో ఉంటుంది. చలికాలంలో ఎండ నీటిని తాకిన తరువాతే, అంటే ఎనిమిది తొమ్మిది గంటలకు, మేతకు కదులుతుంది. తెల్లవారుజామున చలిలో వణుకుతూ వెళ్లి సాధించేది తక్కువ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీరు వెచ్చబడుతుండగా ఒడ్డు దగ్గర గుండ్రని గుంటలు కనబడితే జిలేబీ గూళ్లు అవే.

ఇరవై అడుగుల దూరం నుంచి తెడ్డు వేయడం ఆపేసి పడవను దానంతట జారనివ్వండి. ప్లాస్టిక్ పడవ మీద తెడ్డు తగిలిన చప్పుడు నీటిలో చాలా దూరం పోతుంది. కాళ్ల కింద, తెడ్డు ఆనించే చోట పాత రబ్బరు చాప ముక్క వేసుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది. గాలి లేకపోతే కొమ్మకు ఒక తాడు తగిలించి ఆగవచ్చు. గాలి ఉంటే ఒకటిన్నర కిలోల మడత లంగరు వేయండి, తాడు లోతుకు మూడింతలు ఉండాలి. తాడును పడవ ముక్కుకో తోకకో కట్టాలి. పక్కకు కడితే, పెద్ద అల వచ్చినప్పుడు ఆ పక్కే నీటిలోకి దిగి పడవ తిరగబడుతుంది. గాలాన్ని మీ ముందు వైపే వేయండి. వెనక్కి తిరిగి విసిరే అలవాటు ఒడ్డుకే పరిమితం కావాలి.

బెండు నిలిచాక దాని మొనను చూడండి. పరక అయితే బెండు టకటకా వణుకుతుంది, మునగదు. అది ముక్కను అంచుల నుంచి కొరుకుతోంది. జిలేబీ తాకినప్పుడు ఒకటి రెండు చిన్న ఊపులు వచ్చి, కొంచెం ఆగి, బెండు పక్కకు వాలి నడిచినట్టు జరుగుతుంది. కొన్నిసార్లు మునగడానికి బదులు పైకి లేచి అడ్డంగా పడుకుంటుంది, చేప ఎరను కింద నుంచి ఎత్తిందన్నమాట. ఆ జరుగుడు మొదలైనప్పుడు మణికట్టుతో మాత్రమే, జానెడు ఎత్తు కర్రను లేపండి. భుజంతో గుంజితే చేప రాకపోగా పడవ ఊగుతుంది. పడిన చేప తన వెడల్పు ఒంటిని నీటికి అడ్డం పెట్టి గుండ్రంగా తిరుగుతుంది. కర్ర చివరను కొమ్మలకు దూరంగా వంచి పట్టుకొని అలసిపోనివ్వండి. తరువాత పొట్టి పిడి ఉన్న చేతివలతో పడవకు దగ్గరగా, మీ ముడుకుల పక్క నుంచి తీయండి. చేప కోసం మీరు వంగితే తల పడవ అంచు దాటకూడదు, తల ఎటు పోతే పడవ అటే వాలుతుంది.

జిలేబీ వీపు ముళ్లు నిక్కబొడుచుకొని ఉంటాయి. తడి చేత్తో తల వైపు నుంచి తోక వైపుకు నిమురుతూ వాటిని అణచి పట్టుకోవాలి. జెల్ల విషయంలో అసలు చెయ్యి పెట్టవద్దు. దాని రెండు పక్కల రెక్కల ముళ్లు, వీపు ముల్లు గుచ్చుకుంటే గంటల కొద్దీ సలుపుతుంది, ఇంగిలాయి అయితే ఇంకా తీవ్రం. పటకారతో గాలాన్ని పట్టుకొని తలకిందులుగా విదిలించండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. వాపు పాకుతున్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఉంచుకునే చేపలను వెంటనే ఐసు ముక్కలున్న చిన్న డబ్బాలో వేయండి. మన ఎండలో తడి గోనె సంచి గంటకు మించి కాపాడదు. జిలేబీని ప్రాణంతో బకెట్లో తెచ్చి మరో చెరువులో వదలడం మాత్రం ఎన్నడూ చేయవద్దు, ఆ చెరువులోని చిన్న జాతుల మేతను అది లాగేసుకుంటుంది.

ఇంట్లో పొలుసు తీసి, కడుపు చీల్చాక లోపలి నల్లని పొరను గుడ్డతో రుద్ది పూర్తిగా తీసేయాలి. చెరువు చేపలో మట్టి వాసన ఎక్కువగా నీటి నాచు నుంచి వస్తుంది. నిమ్మరసం గానీ పలుచని చింతపండు పులుసు గానీ పట్టించి పావుగంట ఉంచి కడిగితే చాలావరకు పోతుంది. అరచేయంత చేపను ముక్కలు కోయనక్కరలేదు. రెండు పక్కలా ఎముక తగిలేదాకా మూడేసి గాట్లు పెట్టి, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, పెంక మీద కొద్ది నూనెలో సన్నని మంటపై వేయించితే తోక కూడా కరకరలాడుతుంది.

చేపల పని అయ్యాక పడవ పని మిగిలి ఉంటుంది. అడుగున, రంధ్రాల్లో, లంగరు కొక్కేలకు చిక్కిన గుర్రపు డెక్క ముక్కలను ఆ చెరువు ఒడ్డునే, నీటికి దూరంగా వేసి ఎండనివ్వండి. చిన్న తీగ మరో చెరువుకు చేరినా అక్కడ అల్లుకుపోతుంది. నీరు తీసే బిరడా విప్పి లోపల చేరిన నీటిని పారబోసి, కయాక్‌ను ఎండలో కాకుండా నీడలో, పక్కకు ఆనించి పెట్టండి. బిరడాను మళ్లీ బిగించడం మాత్రం ఇంటి దగ్గరే చేసేయండి. చెరువు దగ్గర తొందరలో దానిని మరిచిపోయేవారు ఎక్కువ.